మన్‌హైమ్, 1914: మధ్యలో ఆగిన చదరంగ పోటీ

జర్మనీ నైరుతి భాగంలోని వాల్డార్ఫ్ పేరు నేడు తెలుగు ఉద్యోగులకు ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రధాన కార్యాలయం వల్ల సుపరిచితం. అంతకుముందు ఈ చిన్న ఊరికి కీర్తి తెచ్చినది ఇక్కడినుండి వెళ్ళిపోయిన మనిషి. 1763లో ఇక్కడ ఒక మాంసవ్యాపారి ఇంట పుట్టిన జాన్ జేకబ్ ఆస్టర్ అమెరికాకు వలసపోయి అపార సంపన్నుడయ్యాడు. న్యూయార్కులోని ప్రసిద్ధమైన హోటలు పేరులో నేటికీ వినిపించేది ఈ ఊరి పేరే.

ఈ ఊరిని నడుమ ఉంచుకొని పటం చూస్తే, వాయవ్యాన మన్‌హైమ్, ఉత్తరాన హైడెల్‌బెర్గ్ అరగంట ప్రయాణంలో కనిపిస్తాయి. దక్షిణంగా సాగితే కార్ల్స్‌రూహ, రాష్టాట్, బాడెన్-బాడెన్, ఆపైన బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో ట్రీబెర్గ్ వరుసగా వస్తాయి. ఈ ప్రాంతంలో పనిచేసేవారికి అవి సెలవురోజు చూసివచ్చే ఊళ్ళు. 1914 వేసవిలో కొందరు చదరంగ క్రీడాకారులు మన్‌హైమ్‌కు ఆహ్వానితులుగా వచ్చి, రెండు వారాలు తిరగకముందే ఖైదీలుగా ఈ దక్షిణపు దారి పట్టారు.

ఆ పోటీలో జరిగిన ఒక ఆట చదరంగ ప్రారంభాల శాస్త్రంలో శాశ్వతంగా నిలిచింది. ఆ పోటీ మాత్రం నేటికీ అసంపూర్తిగానే ఉంది. చదరంగ గ్రంథాలు మొదటి విషయాన్ని విశ్లేషణల్లోనూ, రెండవదాన్ని జీవితచరిత్రల్లోనూ విడివిడిగా చెబుతాయి. రెంటినీ కలిపి చదివితే ఒక ప్రశ్న ముందుకు వస్తుంది. మనిషికి ఉండే అనేక గుర్తింపుల్లో పౌరసత్వం ఒక్కటే ఒక్క రోజులో మిగిలిన అన్నిటినీ ఎలా కప్పివేసింది? ఆ దెబ్బ తిన్నవారు, తరువాత అటువంటి ఘడియ మళ్ళీ ఎదురైనప్పుడు, ఏం చేశారు?

పోటీ

జర్మన్ చదరంగ సమాఖ్య 1877లో ఏర్పడింది. దాని పందొమ్మిదవ మహాసభకు మన్‌హైమ్ వేదిక. 1914 జులై 20న మొదలైన ప్రధాన పోటీలో 18 మంది క్రీడాకారులు. ప్రతివారూ మిగిలిన ప్రతివారితో ఒక్కొక్క ఆట ఆడాలి, అంటే మొత్తం 17 రౌండ్లు. జర్మనీ నుండి టారష్, మీసెస్. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం నుండి విడ్మార్, ష్పీల్మాన్, రేటి, బ్రేయర్, డూరస్, తర్టకోవర్. అమెరికా నుండి మార్షల్. ఫ్రాన్స్ పక్షాన యానోవ్‌స్కీ. రష్యా సామ్రాజ్యం నుండి అలేఖిన్, బొగొల్యూబొవ్, ఫ్లాంబెర్గ్ వచ్చారు. అనుబంధ పోటీలలో ఆడడానికీ, చూడడానికీ మరికొందరు రష్యన్లు చేరుకున్నారు.

అలెగ్జాండర్ అలేఖిన్‌కు అప్పటికి 21 ఏళ్ళు. కొద్ది నెలల క్రితమే సెంట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగిన మహాపోటీలో లాస్కర్, కాపబ్లాంకాల తరువాత మూడవ స్థానం సాధించాడు. ఆ ఇద్దరూ మన్‌హైమ్‌కు రాలేదు కనుక, ఇక్కడ మొదటి బహుమతి తనదేనన్న ధీమా అతని ఆటలో కనిపిస్తుంది.

ఆనాటి యూరప్‌లో ఇటువంటి పోటీలకు ప్రయాణించడం నేటికన్నా ఒక విధంగా సులువు. రష్యా వంటి మినహాయింపులను పక్కనబెడితే చాలా సరిహద్దుల దగ్గర పాస్‌పోర్టు అడిగేవారు కారు. రైలు టిక్కెట్టు, ఆహ్వానపత్రం ఉంటే చాలు. చదరంగ క్రీడాకారులు వేసవి అంతా ఒక దేశం నుండి మరొక దేశానికి తిరుగుతూ గడిపేవారు. ఎవరు ఏ సామ్రాజ్యపు ప్రజ అన్నది ఫలితాల పట్టికలో పేరు పక్కన రాసే వివరం, అంతే.

ఆట

ఈ పోటీలో అలేఖిన్ తెల్లపావులతో, హాన్స్ ఫార్ని నల్లపావులతో తలపడ్డారు. ఫార్ని స్విట్జర్లాండ్ క్రీడాకారుడు. 1911లో మ్యూనిక్‌లో ఏకకాలంలో 100 మందితో ఆడినవాడు. అంత పెద్ద ప్రదర్శన అంతకుముందు ఎవరూ చేయలేదు.

ఫార్ని ఎంచుకున్నది ఫ్రెంచ్ డిఫెన్స్. తెలుపు తన రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరిపినప్పుడు నలుపు అదే బంటును ఒక్క గడి మాత్రమే జరిపి జవాబివ్వడం ఈ పద్ధతి. 1834లో లండన్, పారిస్ నగరాల మధ్య ఉత్తరాల ద్వారా మొదలైన పోటీలో పారిస్ పక్షం దీనితో విజయం సాధించింది గనుక ఆ పేరు స్థిరపడింది. పైకి ఇది వినయంగా కనిపించే రక్షణ. బల్ల మధ్యభాగాన్ని ఎదుటివారిని ఆక్రమించుకోనిచ్చి, ఆపైన ఆ ఆక్రమణ పునాదులను తొలచడం దీని వ్యూహం. అయితే అంతవరకు నల్లరాజు ఇరుకులో బతకాలి. తెల్లబంటు ఐదవ వరుసకు చేరిందంటే, రాజుకు కాపలాగా నిలవవలసిన గుర్రం ఆ చోటు విడిచి వెనక్కి పోవాలి. ఆ క్షణంలో తెలుపు దాడికి దిగితే ఆట కత్తి అంచు మీదికి వస్తుంది.

మన్‌హైమ్ ఆటలో ఐదు ఎత్తులకే ఆ క్షణం వచ్చింది. తెల్ల శకటు జి5 గడిలో, నల్ల శకటు దాని ఎదుట ఈ7లో నిలిచాయి. తెల్లబంటు ఈ5 చేరి నల్ల గుర్రాన్ని డి7కు తరిమింది. శకటును శకటుతో మార్చుకొని నిదానంగా ఆడడం ఆనాటి మామూలు మార్గం. అలేఖిన్ ఆరవ ఎత్తుగా కుడి కొసన ఉన్న హెచ్ బంటును రెండు గళ్ళు ముందుకు తోశాడు. బహుమతిగా ఒక బంటును అందించే ఎత్తు అది. నలుపు శకటును తింటే, తెల్లబంటు తిరిగి తింటుంది. ఆ బంటును నల్ల మంత్రి తింటుంది. లెక్కలో నలుపుకు ఒక బంటు లాభం. ప్రతిఫలంగా తెలుపుకు దక్కేది మూలనున్న ఏనుగుకు తెరుచుకున్న హెచ్ నిలువు వరుస, ఇంకా బయటకు వచ్చి దిక్కుతోచక తిరిగే నల్ల మంత్రి.

ఫార్ని బంటును తీసుకున్నాడు. అలేఖిన్ గుర్రం రెండు ఎత్తుల్లో హెచ్3, ఎఫ్4 గళ్ళకు చేరింది. మొదటి అడుగులోనే నల్ల మంత్రిని వెనక్కి నెట్టింది. పదవ ఎత్తుకు తెల్ల మంత్రి జి4కు వచ్చింది. పదమూడవ ఎత్తుకు నల్లరాజు కోట కట్టుకునే ఆశ వదిలి, నడుచుకుంటూ డి8కు పోయాడు. మరుసటి ఎత్తులోనే తెల్ల ఏనుగు హెచ్6లో, నలుపు బంట్ల పక్కన తిష్ట వేసింది. పద్దెనిమిదవ ఎత్తుకు అలేఖిన్ శకటును బలిచ్చి మధ్యలోని బంట్లను ఛేదించాడు. ఇరవయ్యవ ఎత్తు ఆట మొత్తానికి అందమైనది. అంతవరకు కుడివైపు పోరాడుతున్న మంత్రి, తన శకటు, గుర్రం ఖాళీ చేసిన మూడవ అడ్డువరుస మీదుగా ఒక్క అంగలో ఎడమ కొసన ఉన్న ఎ3కు చేరింది. నలుపు బలగమంతా ఒక పక్క చూస్తుండగా దెబ్బ మరో పక్కనుండి వచ్చింది. గుర్రం డి6కు, అక్కడినుండి ఏనుగు అండతో నల్లరాజు పక్కనే ఉన్న ఈ8కు దూకింది. 23వ ఎత్తుగా మంత్రి డి6లో చెక్ చెప్పడంతో ఫార్ని ఓటమి ఒప్పుకున్నాడు.

హెచ్ బంటు ఆలోచన అలేఖిన్ ఒక్కడిదే కాదు. అంతకుముందే ఫ్రెంచ్ క్రీడాకారుడు షటార్ దీన్ని ప్రయోగించాడు. అందుకే దీనికి అలేఖిన్-షటార్ దాడి అన్న జంట పేరు. కానీ ఉన్నతస్థాయి పోటీలో దాని బలాన్ని అందరికీ చూపింది మన్‌హైమ్ ఆట. అలేఖిన్ తరువాత వెలువరించిన తన ఉత్తమ క్రీడల సంపుటిలో దీనికి చోటిచ్చాడు. నేడు ఈ ఎత్తును ఎదుర్కొనే నల్ల క్రీడాకారుల్లో చాలామంది బంటును తీసుకోకుండా వేరే దారి వెతుకుతారు. ఆ జాగ్రత్త వెనుక ఫార్ని అనుభవం ఉంది.

ఆగస్టు 1

పోటీ రౌండ్లూ చరిత్ర తేదీలూ పక్కపక్కనే నడిచాయి. మూడు రోజులు ఆడేసరికి, జులై 23న, ఆస్ట్రియా-హంగరీ సెర్బియాకు తుది హెచ్చరిక పంపింది. 28న యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది. అప్పటికి 11 రౌండ్లు పూర్తయ్యాయి. తొమ్మిది గెలుపులు, ఒక డ్రా, ఒక ఓటమితో అలేఖిన్ 9.5 పాయింట్లతో అగ్రస్థానంలో ఉన్నాడు. విడ్మార్ 8.5, ష్పీల్మాన్ 8. బ్రేయర్, మార్షల్, రేటి తలా 7. పోటీని అక్కడికి ఆపి, ఉన్న స్థానాల ప్రకారం సొమ్ము పంచారు. అలేఖిన్ వాటా 1,100 మార్కులు.

ఆ సొమ్ము ఇచ్చిన దేశమే అతణ్ణి నిర్బంధించింది. రష్యా ప్రజలైన 11 మందిని జర్మన్ అధికారులు అదుపులోకి తీసుకున్నారు: అలేఖిన్, బొగొల్యూబొవ్, ఫ్లాంబెర్గ్, బొగతిర్చుక్, రబినోవిచ్, రొమనోవ్‌స్కీ, సెలెజ్నియేవ్, వైన్‌స్టైన్, మల్యూటిన్, సబురొవ్, కొప్పెల్‌మన్. వారిని రాష్టాట్‌లో నిర్బంధించారు. అలేఖిన్ చేతిలో ఓడిన ఫార్ని తటస్థదేశమైన స్విట్జర్లాండ్ వాడు గనుక ఈ జాబితాలో లేడు. బల్ల మీది ఫలితానికీ బల్ల బయట జరిగినదానికీ ఏ సంబంధమూ లేకపోయింది.

ఈ విభజన ఎంత యాదృచ్ఛికమో ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. తర్టకోవర్ పుట్టింది రష్యాలోని రొస్తోవ్ నగరంలో. కానీ కాగితాల ప్రకారం ఆస్ట్రియా ప్రజ. అందువల్ల జర్మనీకి మిత్రుడు. తరువాత ఆస్ట్రియా-హంగరీ సైన్యంలో పనిచేశాడు. ఫ్లాంబెర్గ్ వార్సా నగరపు పోలిష్ వాడు. కానీ వార్సా నాడు రష్యా ఏలుబడిలో ఉంది, అందువల్ల శత్రువు. రష్యాలో పుట్టినవాడు స్వేచ్ఛగా వెళ్ళాడు, పోలండ్‌లో పుట్టినవాడు రష్యన్‌గా బందీ అయ్యాడు. 1915లో జర్మన్ సైన్యం వార్సాను ఆక్రమించుకుంది. ఆ మరుసటి ఏడాది ఫ్లాంబెర్గ్‌ను ఇంటికి పోనిచ్చారు. మారినది సరిహద్దే, అతను కాదు.

అమెరికా పౌరుడైన మార్షల్‌కు కూడా ప్రయాణం సాఫీగా సాగలేదు. ఏడు గంటల్లో చేరవలసిన ఆమ్‌స్టర్‌డామ్‌కు తనకు 39 గంటలు పట్టిందని, దారిలో సామాను పోగొట్టుకున్నానని, ఆ పెట్టెలు ఐదేళ్ళ తరువాత న్యూయార్కులో తన ఇంటికి చెక్కుచెదరకుండా వచ్చాయని ఆయన తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు.

అదే వేసవి, మరొక పరాయివాడు

ఇదే సూత్రాన్ని ఒక హైదరాబాదీ జీవితంలో తిరగేసి చూడవచ్చు. నిజాం కాలేజీకి పునాది వేసిన అఘోరనాథ్ చటోపాధ్యాయ కుమారుడు, సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ 1880లో హైదరాబాదులో జన్మించాడు. 1914 వసంతంలో జర్మనీకి వచ్చి హాలె విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆగస్టులో బ్రిటన్ యుద్ధంలోకి దిగగానే, బ్రిటిష్ ప్రజగా అతనూ చట్టం దృష్టిలో శత్రుదేశీయుడే. కానీ బ్రిటిష్ పాలనపై పోరాడే భారతీయులు జర్మనీకి అక్కరకు వచ్చేవారు. కనుక అతణ్ణి నిర్బంధించకపోగా, బెర్లిన్‌లో ఏర్పడిన భారత విప్లవకారుల సంఘానికి అండగా నిలిచారు. ఆ సంఘ నాయకుల్లో అతను ముఖ్యుడయ్యాడు.

చదరంగం మాత్రమే తెలిసిన రష్యన్‌కు చెర, సామ్రాజ్యాలను కూల్చాలనుకున్న భారతీయుడికి ఆదరం. పౌరసత్వమనే వర్గీకరణ కఠినమైన నియమంలా కనిపించినా, రాజ్య ప్రయోజనం కోరితే సడలేది. ఆ ప్రయోజనం ఎంత అస్థిరమైనదో వీరేంద్రనాథ్ చివరి రోజులు చెబుతాయి. అనంతరకాలంలో ఆశ్రయం పొందిన సోవియెట్ యూనియన్‌లోనే, 1937లో, స్టాలిన్ నాటి సామూహిక శిక్షల్లో అతనికి మరణదండన విధించారు.

ట్రీబెర్గ్

నిర్బంధితుల్లో అలేఖిన్, బొగతిర్చుక్, సబురొవ్, కొప్పెల్‌మన్‌లను సెప్టెంబరులో విడిచిపెట్టి స్విట్జర్లాండ్ మీదుగా వెళ్ళనిచ్చారు. అలేఖిన్ ఇటలీ, లండన్, స్టాక్‌హోమ్, ఫిన్లండ్ చుట్టి అక్టోబరు చివరికి రష్యా చేరాడు. చేరాక జర్మనీలో మిగిలిపోయినవారి కోసం ఏకకాల ప్రదర్శనలిచ్చి విరాళాలు సేకరించాడు. 1915లో రొమనోవ్‌స్కీ, 1916లో ఫ్లాంబెర్గ్ విడుదలయ్యారు. మిగిలిన ఐదుగురు బ్లాక్ ఫారెస్ట్‌లో యుద్ధకాలం గడిపారు.

వాళ్ళు ఆ కాలాన్ని చదరంగంతోనే నింపుకున్నారు. 1914 నుండి 1917 వరకు బాడెన్-బాడెన్‌లో ఒకటి, ట్రీబెర్గ్‌లో ఏడు, మొత్తం ఎనిమిది పోటీలు తమలో తాము జరుపుకున్నారు. ఎదురుగా ఉండేది ఎప్పుడూ అవే ముఖాలు. కొత్త ప్రత్యర్థి దొరకని చోట పాత ప్రత్యర్థిని ఓడించాలంటే కొత్త ఆలోచన కావాలి. ఆ అభ్యాసం ఫలితం తరువాతి దశాబ్దంలో కనబడింది. బొగొల్యూబొవ్ 1924, 1925లలో సోవియెట్ విజేత అయ్యాడు. 1925 మాస్కో పోటీలో లాస్కర్, కాపబ్లాంకాలను వెనక్కి నెట్టి మొదటి స్థానం పొందాడు. రొమనోవ్‌స్కీ 1923లో సోవియెట్ విజేత. 1927లో ఆ బిరుదును పంచుకున్నది మరో మన్‌హైమ్ ఖైదీ బొగతిర్చుక్‌తో. రబినోవిచ్ ఆట ముగింపుల మీద రష్యన్ భాషలో ప్రామాణిక గ్రంథం రాశాడు. సెలెజ్నియేవ్ చదరంగ సమస్యల రూపకర్తగా పేరొందాడు. సోవియెట్ చదరంగ పాఠశాల అని మనం పిలిచే సంప్రదాయపు తొలి తరంలో ఒక ముఖ్యమైన భాగం జర్మన్ చెరలో తయారైంది.

బొగొల్యూబొవ్ కథ మరో మలుపు తిరిగింది. ట్రీబెర్గ్‌లో అతను స్థానిక యువతిని పెళ్ళాడి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. క్రమంగా జర్మనీ క్రీడాకారుడయ్యాడు. 1952లో మరణించింది కూడా ఆ ఊళ్ళోనే. శత్రువుగా తీసుకువచ్చిన ఊరు సొంత ఊరైంది.

తిరిగి అదే నేల మీద

యుద్ధం ముగిశాక వీళ్ళు ఆ ఊళ్ళకు మళ్ళీ వచ్చారు, ఈసారి స్వచ్ఛందంగా. 1921లో ట్రీబెర్గ్‌లో జరిగిన చిన్న పోటీలో అలేఖిన్, బొగొల్యూబొవ్, సెలెజ్నియేవ్ ముగ్గురూ ఆడారు, అలేఖిన్ గెలిచాడు. 1925లో బాడెన్-బాడెన్ మహాపోటీలో అలేఖిన్ మొదటి స్థానంలో, బొగొల్యూబొవ్ నాలుగవ స్థానంలో, సోవియెట్ యూనియన్ నుండి విదేశీ పోటీకి వచ్చిన మొదటి క్రీడాకారుడు రబినోవిచ్ ఏడవ స్థానంలో నిలిచారు. టారష్, మీసెస్, మార్షల్, రేటి, ష్పీల్మాన్, తర్టకోవర్ కూడా అక్కడ ఉన్నారు. 11 ఏళ్ళ తరువాత మన్‌హైమ్ పోటీ సగం తిరిగి సమావేశమైనట్టయింది.

1927లో అలేఖిన్ ప్రపంచ విజేత అయ్యాడు. ఆ బిరుదు కోసం 1929లోనూ, 1934లోనూ అతనితో తలపడ్డది బొగొల్యూబొవే. మొదటి పోటీలో కొన్ని ఆటలు వాల్డార్ఫ్ పొరుగునున్న హైడెల్‌బెర్గ్‌లో జరిగాయి. రెండవ పోటీ జర్మనీలోని అనేక నగరాలు తిరిగింది. వాటిలో బాడెన్-బాడెన్ ఒకటి, మన్‌హైమ్ మరొకటి. రెండింటిలోనూ అలేఖిన్ తేలికగానే నెగ్గాడు. 20 ఏళ్ళ క్రితం పోలీసులు వారిద్దరినీ తీసుకుపోయిన నగరంలోనే ప్రపంచ విజేత పదవి కోసం వారిద్దరూ ఆడారు.

బ్యూనోస్ ఎయిరీస్

ఈ చరిత్రకు అసలైన ముగింపు అట్లాంటిక్ అవతల ఉంది. 1939 ఆగస్టులో అర్జెంటీనా రాజధానిలో చదరంగ ఒలింపియాడ్ మొదలైంది. అప్పటికి అలేఖిన్ ఫ్రెంచ్ పౌరుడు, ఫ్రాన్స్ జట్టు నాయకుడు. తర్టకోవర్ పోలండ్ జట్టుకు ఆడుతున్నాడు. పోటీ నడుస్తుండగా, సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్‌పై దాడి చేసింది. 3వ తేదీన బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి. ఇంగ్లండ్ జట్టు స్వదేశానికి బయలుదేరింది. జట్టు నాయకులందరూ సమావేశమయ్యారు. మన్‌హైమ్‌లో నిర్ణయించే అధికారం తమకు లేక, ఇతరుల నిర్ణయానికి లోబడిన ఇద్దరు ఈ సమావేశంలో ప్రధాన పాత్ర వహించారు.

పోటీ ఆగకూడదని తీర్మానించారు. శత్రుదేశాల జట్లు ముఖాముఖి కూర్చోవలసిన కొన్ని పోటీలను మాత్రం ఆడకుండానే చెరి రెండు పాయింట్లుగా నమోదు చేశారు. జర్మనీతో ఫ్రాన్స్, జర్మనీతో పోలండ్, జర్మనీతో పాలస్తీనా జట్టు తలపడవలసినవి అలా ముగిశాయి. తమ దేశాల యుద్ధాన్ని క్రీడాకారులు కాదనలేరు. కానీ ఆ యుద్ధం బల్ల మీద ఎంత చోటు తీసుకోవాలో తామే నిర్ణయించుకున్నారు. పోటీ చివరి రౌండు దాకా సాగింది. జర్మనీ మొదటి స్థానంలో, పోలండ్ రెండవ స్థానంలో నిలిచాయి. గెలిచిన జర్మన్ జట్టులోని ఐదుగురూ స్వదేశానికి పోక అర్జెంటీనాలోనే ఉండిపోయారు. పోలండ్ జట్టులోని నయ్‌డోర్ఫ్ కూడా అక్కడే స్థిరపడ్డాడు.

దీన్ని బట్టి అలేఖిన్‌ను ఆదర్శమూర్తిగా నిలబెట్టడం తగదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అతను నాజీల పాలనలో నిర్వహించిన పోటీల్లో ఆడాడు. 1941లో యూదుల పట్ల ద్వేషం నిండిన వ్యాసాలు అతని పేరుతో అచ్చయ్యాయి. ఆ మచ్చ చెరిగిపోలేదు. అయినా బ్యూనోస్ ఎయిరీస్ తీర్మానం విలువ దానితో తగ్గదు. వ్యక్తుల గుణగణాలకు అతీతంగా అది ఒక పద్ధతిని చూపింది: సరిహద్దులు హఠాత్తుగా బిగిసినప్పుడు, ఒక వృత్తికి చెందినవారు తమ మధ్య మిగిలి ఉన్న ఏర్పాటును ఎంతవరకు కాపాడుకోగలరో లెక్కగట్టి, అంతవరకు కాపాడుకోవడం.

పరాయి దేశాల్లో పనిచేసే మనకు ఆ లెక్క కొత్తది కాదు. పనితనం వల్ల ఆహ్వానం అందుతుంది, నివాసపత్రం వల్ల ఉండనిస్తారు. మామూలు రోజుల్లో రెండూ ఒకటేనని తోస్తుంది. 1914 ఆగస్టు 1 వరకు మన్‌హైమ్ క్రీడాకారులకూ అలాగే తోచింది. ఆ పోటీలో మిగిలిన ఆరు రౌండ్లు, అంటే 54 ఆటలు, ఎన్నడూ జరగలేదు. జరిగిన ఆటల్లో ఒకదాని ఆరవ ఎత్తును మాత్రం ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడే ప్రతివారూ నేటికీ నేర్చుకుంటున్నారు.